వదిన గుండెలో తలుపు

పోయిన నెలలో ప్రొద్దుటూరులో ఒక గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నాకు పెద్ద జబ్బేమీ లేదు. రక్తపోటు మాత్రలు మార్చాలంటే ముందు ఎకో తీయించుకోవాలన్నారు, అందుకని వెళ్ళాను. మసక చీకటి గదిలో ఎడమ పక్కకు తిరిగి పడుకోమన్నారు. డాక్టరు నా శిష్యుల పిల్లల ఈడువాడు. ఛాతీ మీద చల్లటి జిగురు పూసి, యంత్రం ఆనించి, తెర వైపు చూసుకుంటూ మీటలు నొక్కుతున్నాడు. ఏళ్ళ తరబడి డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. కర్ణికలు, జఠరికలు, ధమనులు, సిరలు అని ఎర్రసుద్దతో, నీలంసుద్దతో నల్లబల్ల మీద ఎన్ని గుండెలు గీశానో లెక్క లేదు. నా గుండె మాత్రం నేనెన్నడూ చూసుకోలేదు. ఊరుకోలేక, ద్విపత్ర కవాటం యాడుందో రవ్వంత చూపించు నాయనా, అని అడిగాను. ఆ అబ్బాయి ఒక్క క్షణం నన్ను చూసి, నవ్వి, తెరను నా వైపు తిప్పాడు. రెండు పలుచని రేకులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. లోపలికి దిగే నెత్తురు ఎర్రగా, బయటికి పోయేది నీలంగా కనబడుతోంది. ఆ రంగులు యంత్రం వేసుకునేవే, నెత్తురువి కావు. ఆ సంగతి తెలిసి కూడా చూపు మరల్చుకోలేకపోయాను. అంతా బాగుంది పెద్దమ్మా అని అతనన్నాడు. నేను లేచి బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాను. నాకు మా వదిన గుర్తుకొచ్చింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

మా ఊరు ప్రొద్దుటూరుకూ మైదుకూరుకూ మధ్య, కాలువ కింది ఊరు. వరి, పసుపు పండుతాయి. పసుపు తవ్వే కాలంలో ఊరంతా ఒకటే వాసన. పెద్ద పెద్ద బానల్లో కొమ్ములు ఉడుకుతుంటే లేచే ఆవిరి చీరలకూ వెంట్రుకలకూ చివరికి మజ్జిగకు కూడా పట్టేది. మా అమ్మ కోడి కూయకముందే లేచి, కసువు చిమ్మి, బర్రెల పాలు పిండి, సంగటికి ఎసరు పెట్టేది. ఆమె ఒకచోట కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. కూర్చున్నా చేతిలో చేట ఉండేది. పని చేయని మనిషిని చూస్తే ఆమెకు అన్నం సహించదు. మా నాయన నెమ్మదస్తుడు. పొద్దున్నే అరుగు మీద కూర్చొని వేపపుల్ల నములుతూ కాలువ వైపు చూసేవాడు. ఆ పుల్ల అరిగిపోయేదాకా ఆయనతో ఎవరూ మాట్లాడరు. మా జేజి, అంటే నాయన తల్లి, వసారాలో నులకమంచం మీద కూర్చొని పొగాకు నములుతూ ఇంట్లో అందరి ఒంటి సంగతులూ కనిపెట్టేది. వేలు తెగినా, ముక్కులోంచి చుక్క కారినా ఆమెకు భయం. మనిషికి దేవుడు కొలిచి పోసిన నెత్తురు ఇంతేనని, పోయింది మళ్ళీ రాదని ఆమె నమ్మకం.

వదిన పేరు ఈశ్వరమ్మ. బ్రహ్మంగారిమఠంలో మొక్కుకుంటే పుట్టిందని బ్రహ్మంగారి మనవరాలి పేరే పెట్టారు. పులివెందుల అవతల మెట్ట ఊరు వాళ్ళది, వేరుశెనగ, మా మాటలో చెనిక్కాయ, తప్ప ఇంకోటి పండదు. కాలువ నీళ్ళు చూసి, ఇన్ని నీళ్ళు ఊరికే పారుతాంటే మీకు నిద్రెట్ల పడుతుందని వచ్చిన కొత్తలో మా అన్నను అడిగిందట. సన్నగా, తెల్లగా ఉండేది. బుగ్గలు ఎప్పుడూ ఎర్రగా ఉంటే ఆరోగ్యమనుకునేవాళ్ళం. అది కూడా జబ్బు గుర్తేనని తర్వాత తెలిసింది. మాటకారి. రోట్లో చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరిందంటే పక్కింటివాళ్ళు కూడా గిన్నె పట్టుకొచ్చేవాళ్ళు. కానీ నూరుతూ నూరుతూ మధ్యలో ఆగిపోయేది. పొత్రం వదిలి, రోలు అంచు పట్టుకొని, నోరు తెరిచి ఊపిరి పీల్చుకునేది. కాలువ నుంచి బిందె తెచ్చేటప్పుడు మిగతా ఆడవాళ్ళు ఇల్లు చేరినా ఆమె ఇంకా దోవలోనే ఉండేది. అమ్మకు అది బద్ధకంగా తోచింది. మొహం మీద అనేది కాదు గానీ, వసారాలో జేజితో అన్నట్టుగా, వదినకు వినబడేట్టు అనేది. వదిన వినీ విననట్టు నవ్వేది. పెళ్ళైన రెండో ఏడు ఆమె నెల తప్పింది. ఆయాసం పెరిగింది. కడుపుతో ఉన్నప్పుడు అందరికీ ఉండేదే అన్నారు అందరూ.

నేనప్పుడు ప్రొద్దుటూరు కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం. ఊళ్ళో సైన్సు చదివే ఆడపిల్లను నేనొక్కదాన్నే, అందుకు నాకు బాగానే గర్వముండేది. తెల్లవారుజామున లేచి పుస్తకం తీసేదాన్ని. అలా లేచిన ఒక రోజు నడవలో వదిన పడుకోకుండా, పరుపుల చుట్టను వీపుకు ఆనించుకొని, తల వేలాడేసి నిద్రపోతూ కనిపించింది. మరునాడూ అంతే. మూడో రోజు దగ్గరికెళ్ళి తట్టి లేపాను.

"ఏంది వదినా, కూచోని నిద్రపోతాండావు?"

"పండుకుంటే బాయిలో మునిగినట్లుంటాది పాపా. కూచుంటే రవ్వంత మేలు. మీ అమ్మతో అనాకు."

అంటూనే దగ్గింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, తీసి, మడిచేసింది. నేను ఆ మడత విప్పించాను. గులాబిరంగు నురగ, అందులో ఎర్రటి చారలు. ఆ వారమే మా లెక్చరరు కసాయి అంగడి నుంచి పొట్టేలు గుండె తెప్పించి, కోసి, మా చేత పట్టించి చూపించాడు. ఎడమ కర్ణికలోంచి కిందికి నా వేలు దూర్చి చూశాను, హాయిగా దిగింది. ఊపిరితిత్తుల నుంచి శుభ్రపడిన నెత్తురు దిగే తోవ ఇదేనని ఆయన చెప్పాడు. ఊపిరితిత్తుల్లోకి నెత్తురు పోవడమూ ఉంది, రావడమూ ఉంది, నోట్లోకి రావడం మాత్రం ఎక్కడా లేదు. వదిన రోగమేమిటో నాకు తెలియలేదు కానీ, ఇది కడుపు ఆయాసం కాదని మాత్రం తేలిపోయింది. నేరుగా అరుగు మీదికి వెళ్ళి, వేపపుల్ల ఇంకా చేతిలో ఉండగానే నాయనకు చెప్పాను. అమ్మ లోపలి నుంచి వచ్చింది. తాను కడుపుతో ఉండి నాట్లు వేసిన సంగతి, నొప్పులొచ్చే రోజు దాకా పసుపు ఉడికించిన సంగతి చెప్పింది. మైదుకూరులో నాటువైద్యుడు ఉన్నాడు, కషాయం తెప్పిద్దామంది. నేను వదినను అరుగు మీదికి తీసుకొచ్చి చెంగు మీది మరక చూపించాను. అమ్మ దాన్ని చూసి లోపలికి వెళ్ళిపోయింది. నాయన పుల్ల పారేసి, రేపు పొద్దున జమ్మలమడుగుకు పోతాండాము, బండి కట్టమని చెప్పు, అన్నాడు.

జమ్మలమడుగులో ఒక డాక్టరమ్మ ఉండేది. పేరు సలోమి. వాళ్ళ తాతల కాలంలోనే మిషను దొరల దగ్గర కిరస్తానం తీసుకున్న కుటుంబం. తండ్రి బడిపంతులు. బస్టాండు వెనక పెంకుటింట్లోనే ఆమె ఆసుపత్రి. ముందు కానుగచెట్టు కింద బల్లలు, వాటి మీద నేతపని వదిలి వచ్చిన ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు. లోపల డెట్టాలు వాసన, గోడ మీద ఒక సిలువ. డాక్టరమ్మ వదినను చాలాసేపు చూసింది. మెడ మీది నరాలు చూసింది, మణికట్టు పట్టుకుంది, వీపు మీద గొట్టం పెట్టి ఊపిరి తీయమంది, ఎడమ పక్కకు తిప్పి గుండె మీద పెట్టి కళ్ళు మూసుకొని వింది. తర్వాత, చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం వచ్చి మోకాళ్ళు వాచినాయా అని అడిగింది. వదిన ఆలోచించి, అవునంది. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఒక వానకాలమంతా మంచం దిగలేదట. మోకాళ్ళు తగ్గితే మోచేతులు వాచేవట. వావిలాకు కాచి కాపడం పెట్టారు, తగ్గిపోయింది, అందరూ మరిచిపోయారు. ఆ జ్వరం కీళ్ళను వదిలి వెళ్ళేటప్పుడు గుండెలో మచ్చ వేసి వెళ్ళిందని డాక్టరమ్మ చెప్పింది.

అమ్మ నమ్మినట్టు కనబడలేదు. గోడకు ఆనుకొని, చేతులు కట్టుకొని నిలబడి ఉంది. డాక్టరమ్మ ఆమె మొహం చూసి, తన మెడలోని గొట్టం తీసి ఆమె చెవులకు తగిలించింది. ముందు నీది విను అంటూ రెండో కొసను అమ్మ గుండె మీదనే పెట్టింది. అమ్మ మొహం మారిపోయింది. అన్నేళ్ళుగా తనలో కొట్టుకుంటున్నదాన్ని ఆమె వినడం అదే మొదలు. ఆ తర్వాత గొట్టాన్ని వదిన గుండె మీదికి మార్చింది. ఆ పైన నన్నూ విననిచ్చారు. రెండు దెబ్బలు, వాటి వెనకనే, ఎక్కడో దూరాన రాళ్ళబాట మీద ఎద్దులబండి పోతున్నట్టు గరగర. ఆ గరగర అమ్మలో లేదు.

"గుండెంటే నాలుగు గదులమ్మా," అంది డాక్టరమ్మ. "ఒళ్ళంతా తిరిగి నల్లబడిన నెత్తురు సిరల్లో కుడిపక్కకు చేరుతాది. ఆన్నుంచి ఊపిరితిత్తులకు పోయి, గాలి తగిలి ఎర్రబడి, ఎడమపక్క పైగదికి వస్తాది. పైగదిలోంచి కిందిగదికి దిగల్ల. కిందిగది పిండితేనే తలకాన్నుంచి కాలిగోరు దాకా, కడుపులో బిడ్డ దాకా పారేది. ఆ రెండు గదుల మధ్య తలుపు నీ కోడలికి బిగుసుకపోయింది. రెండు వేళ్ళు పట్టాల్సిన చోట పెన్సిలు పడితే గొప్ప."

"మరి పైగదికి వచ్చే నెత్తురు యాడికి పోతాది?" అని అమ్మ అడిగింది.

"పోయే దోవ లేదు. ఎనక్కి, ఊపిరితిత్తుల్లోకే ఎగదంతాది. పండుకుంటే మునిగినట్లుండేది అందుకే. దగ్గితే ఎర్రగా పడేదీ అందుకే."

"తూము పూడితే పైచేను మునిగినట్ల," అంది అమ్మ, ఎవరితోనో కాదు, తనలో తాను. డాక్టరమ్మ తల ఊపింది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో నెత్తురు పెరుగుతుందని, నెలలు నిండేకొద్దీ ఆ తలుపు మీద బరువు ఎక్కువవుతుందని, ఇట్లాగే వదిలేస్తే కాన్పు గట్టెక్కడం కష్టమని చెప్పింది. మందులతో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. కానీ ఐదో నెల నడుస్తుండగానే వేలూరుకు తీసుకుపోతే ఆపరేషను చేస్తారు. ఎడమ పక్కటెముకల మధ్య కోసి, గుండె ఆపకుండా, అది కొట్టుకుంటుండగానే దానిలోకి వేలు పెట్టి ఆ తలుపు తెరుస్తారు. ఈ మాట విని మా అన్న గడపలోంచి లోపలికి వచ్చాడు. అట్లా చేయించుకొని ఎవరైనా బతికారా అని అడిగాడు. శానామంది అందామె. కడుపుతో ఉన్నవాళ్ళు? వాళ్ళూ బతికారు, అందరూ అని మాత్రం అబద్ధం చెప్పను, తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ తెచ్చుకోవాలనే పంపిస్తాండా, అంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. భరోసా ఇస్తూనే అబద్ధం చెప్పకపోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

కబురందుకొని పులివెందుల వైపు నుంచి వదిన తల్లీ తండ్రీ వచ్చారు. ఇంట్లో గొడవ అప్పుడే మొదలైంది. ఇంత రోగం పెట్టుకొని మాకు చెప్పకుండా పిల్లనిచ్చినారని అమ్మ వదిన తండ్రిని నిలదీసింది. ఆయన పెద్దమనిషి. మాటకు మాట చెప్పలేదు. భుజం మీది తుండు తీసి చేతుల్లో నలుపుకుంటూ, మోకాళ్ళ నొప్పి గుండెకు పోతాదని మాకు మాత్రం ఏమెరుక అక్కా, అన్నాడు. కోత వద్దు, దేవుడి మీద భారం వేసి బిడ్డను మా ఊరికి తీసుకుపోతాం, ఉన్నన్నాళ్ళు మా కళ్ళ ముందుంటుంది, అని వదిన తల్లి ఏడ్చింది. జేజి ఆమెను సమర్థించింది. మనిషి గుండెలో వేలు పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదంది. అన్న ఎటూ చెప్పలేక గోడకు ఆనుకున్నాడు. నాయన అందరినీ వింటున్నాడు. ఇంతమందిమి మాట్లాడుతున్నాం గానీ వదినను అడిగినవాళ్ళు లేరు. పరుపుల చుట్టకు ఆనుకొని కూర్చున్నది, అక్కడి నుంచే అంది.

"నేను ఇట్ల కూచోని ఎన్నాళ్ళు నిద్రపోవల్ల? నాకు పండుకోవాలని ఉంది. కోసేదేదో కొయ్యమనండి."

నాయన లేచి చొక్కా వేసుకొని ప్రయాణం ఏర్పాట్లకు వెళ్ళాడు.

ఎర్రగుంట్లలో రైలెక్కాం. రేణిగుంటలో మారి వేలూరు పక్కనున్న కాట్పాడిలో దిగాం. అన్నా వదినా, నాయనా అమ్మా, వదిన తండ్రీ, నేనూ. చదువుకున్నదాన్ని, అక్కడి మాట అర్థం చేసుకోవడానికి పనికొస్తానని నన్ను తీసుకెళ్ళారు. నిజానికి అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు కోకొల్లలు, సగం వార్డు మన రాయలసీమదే. పరీక్షలన్నీ అయ్యాక, ఆపరేషనుకు ముందు చుట్టాలు నెత్తురు ఇవ్వాలన్నారు. అన్న ఇచ్చాడు. అది చాలదన్నారు. ఊరికి తంతి ఇస్తే మా పెదనాయన కొడుకులు ఇద్దరు వచ్చారు. కోరమీసాలు, కండలు తిరిగిన చేతులు. ఊళ్ళో వాళ్ళను చూస్తే ఎదురుగా వచ్చేవాడు పక్కకు తప్పుకునేవాడు. నర్సు సూది తీయగానే పెద్దోడు కళ్ళు తేలేసి బల్ల మీద నుంచి జారాడు. రెండోవాడు వాడికి కాఫీ తెస్తానని వెళ్ళి, సాయంత్రం దాకా తిరిగి రాలేదు. వదిన తండ్రికి వయసు మీరిందని వద్దన్నారు. నాయన చక్కెర రోగి. నేను చేయి చాపాను, తీసుకున్నారు గానీ నా రకం వదినకు సరిపడదు, వేరేవాళ్ళకు వాడుకొని బదులు ఇస్తామన్నారు. అమ్మ ఇదంతా తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. దగ్గరికొచ్చి నన్ను అడిగింది.

"ఇచ్చిన నెత్తురు మల్లా ఊరుతాదా, లేదా? జేజి మాట కాదు, నీ పుస్తకంలో మాట చెప్పు."

"ఊరుతాది మా. ఎముకల లోపల మూలుగ ఉంటాది, అది దినామూ చేస్తానే ఉంటాది. పెన్నలో చెలమ తోడితే మల్లా నిండదా, అట్ల."

అమ్మ రవిక చేయి పైకి లాగి బల్ల మీద పడుకుంది. పరీక్ష చేసి, ఆమె రకమూ వదిన రకమూ ఒకటేనని చెప్పారు. నేను పక్కన నిలబడ్డాను. గొట్టంలోంచి నల్లటి ఎరుపు గాజుసీసాలోకి దిగుతుంటే ఆమె కళ్ళు మూసుకోలేదు. సీసా నిండేదాకా దాన్నే చూస్తూ ఉంది. లేచాక నర్సు ఇచ్చిన పాలు తాగి, ఇంత వేడిగా ఉంటాదని తెలీదు, అంది. సీసా మీద చేయి వేసి చూసిందన్నమాట. పని చేయదని కోడల్ని తిట్టిన మనిషి, ఒక్క క్షమాపణ మాట అనని మనిషి, ఆ రోజు మాత్రం చేట, చీపురు ఏదీ లేని ఖాళీ చేతులతో వార్డు బయట కూర్చుంది.

ఆపరేషను నాడు పొద్దున వదినను బండి మీద తోసుకెళ్ళారు. పోతూ పోతూ మా అన్నతో, నేను రాకపోతే రోట్లో ఊరిబిండి పాడైపోతాది, పారబొయ్యండి, అంది. ఊర్లో రోలు ఎప్పుడో కడిగి పెట్టి వచ్చాం. అతన్ని నవ్వించాలని అన్నది. అన్న నవ్వలేదు. పొద్దు నడినెత్తికి ఎక్కేసరికి పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. అరవం కలిసిన తెలుగులో, కుడిచేతి చూపుడువేలు చూపిస్తూ చెప్పాడు. పై గది అంచున చిన్న గాటు పెట్టి వేలు పంపితే, తలుపు రేకులు అతుక్కుపోయి బొత్తాం కాజా మాదిరి సన్నటి సందు తగిలిందట. వేలు, దానికి తోడుగా ఒక సాధనం పెట్టి అతుకులు విప్పేశాడు. విప్పగానే నెత్తురు బిరబిరా కిందికి దిగడం వేలికే తెలిసిందట. బిడ్డ గుండె కూడా కొట్టుకుంటోంది, విన్నాం, అన్నాడు. వదిన తండ్రి ఆ వేలు వైపు చేతులు జోడించాడు. అమ్మ చెంగుతో మొహం కప్పుకుంది.

కుట్లు మానుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను క్యాంటీను నుంచి అన్నం తెచ్చేసరికి అమ్మ నోటికి వేలు అడ్డం పెట్టి, మాట్లాడొద్దని సైగ చేసింది. వదిన తలగడ తీసేసి, మంచం మీద వెల్లకిలా, కాళ్ళు చాపుకొని నిద్రపోతోంది. ఊపిరి చప్పుడు లేకుండా వచ్చి పోతోంది. ఆ నిద్ర చెడగొట్టడం ఇష్టం లేక మేమిద్దరం చల్లారిపోయిన అన్నం వరండాలో కూర్చొని తిన్నాం. తింటూ తింటూ అమ్మ, మీ వదినకు నిద్రంటే ఎంత ఇష్టమో చూడు, అంది. ఆ గొంతులో ఇంతకుముందు నేను వినని మెత్తదనం ఉంది.

కాన్పు జమ్మలమడుగులో సలోమి డాక్టరమ్మ చేతుల మీదుగా జరిగింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఆ జ్వరం మళ్ళీ రాకుండా నెలనెలా పెన్సిలిన్ సూది వేయించుకోవాలంటే, వదిన కొన్నేళ్ళ పాటు ఒక్క నెల తప్పలేదు. అమ్మే దగ్గరుండి తీసుకెళ్ళేది. చాలా ఏళ్ళకు, ఆ పిల్ల కాలేజీకి పోయే నాటికి, తలుపు మళ్ళీ కొంచెం బిగుసుకుంది. ఈసారి హైదరాబాదులో ఎముకల జోలికి పోలేదు. తొడ దగ్గర సిరలోంచి సన్నటి గొట్టం పంపి, గుండె లోపలి గోడ దాటించి, కొసనున్న బుడగను ఉబ్బించి తెరిచారు. వదిన మెలకువగానే ఉండి డాక్టర్లతో కబుర్లు చెప్పిందట. అప్పుడు దొంగల మాదిరి గోడ పగలగొట్టి వచ్చినారు, ఇప్పుడు సుట్టాల మాదిరి వాకిట్లోంచి వచ్చినారు పాపా, అని ఫోనులో నాతో నవ్వింది. మనవలను చూసింది. మా అమ్మను చివరిదాకా తానే చూసుకుంది. పోయిన ఎండాకాలం, అందరికీ వడ్డించి, తానూ తిని, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చింది. లేవలేదు. డెబ్బయ్యేళ్ళు దాటి బతికింది.

ఇప్పుడు ప్రొద్దుటూరులోనూ, పులివెందులలోనూ గుండెను తెర మీద చూపించే యంత్రాలున్నాయి. మా వీధిలో ఒకాయనకు పోయిన ఏడు గుండెనొప్పి వస్తే మణికట్టులోంచి గొట్టం పంపి, పూడిన ధమనిలో స్టెంటు వేసి, రెండో రోజుకు ఇంటికి పంపారు. పేపరు చదువుకుంటూ కనబడ్డాడు. ఏ నాళం పూడిందండీ అని అడిగితే, రిపోర్టు మా అల్లుడి ఫోనులో ఉంది, అన్నాడు. ఆనాటి రోజులే మేలని నేను అనను. అట్లా అనడానికి నాకు నోరు రాదు. ఆ రోజుల్లో వేలూరు దాకా పోలేక, డాక్టరమ్మ లాంటి మనిషి దొరక్క, ఊపిరాడక కూర్చొనే పోయిన ఆడవాళ్ళు ప్రతి ఊర్లోనూ ఉన్నారు. గొంతునొప్పిని తేలిగ్గా తీసుకోవద్దని, కీళ్ళు వాస్తే పిల్లల్ని ఇంట్లో పెట్టుకోవద్దని పాఠం చెప్పిన అన్నేళ్ళూ చెప్పాను, ఇప్పటికీ అవకాశమొస్తే చెబుతాను. కానీ ఒక్క తేడా మాత్రం ఉంది. మా ఇంట్లో ఆ ఏడు అందరికీ నెత్తురు తోవ తెలిసిపోయింది. పసుపు కొమ్ములు రుద్దడానికి వచ్చిన కూలీ ఆడవాళ్ళకు మా అమ్మ కుడిగది, ఎడమగది, ఊపిరితిత్తి అని నేల మీద కొమ్ములు పేర్చి చూపించేది. బడి మొహం చూడని మనిషి. ఎక్కడా తప్పు చెప్పేది కాదు, ఒక్కసారి తప్ప.

అది పాపకు పుట్టువెంట్రుకలు తీయించిన రోజు. వదిన వాళ్ళ ఊరి గుట్ట మీద వాళ్ళ ఇంటిదేవర గుడి ఉంది. నిలువు మెట్లు, అటూ ఇటూ ముళ్ళకంపలు, పొద్దున్నే మొదలైన ఎండ. వదిన బిడ్డను చంకనేసుకొని మాట్లాడుతూ మాట్లాడుతూ ఎక్కుతోంది. నేను ఆమె పక్కన, అమ్మ మాకు కాస్త వెనక. సగం మెట్ల దగ్గర, నీడ పట్టున కూర్చున్న ఆ ఊరి ముసలమ్మ ఒకామె వదినను ఎగాదిగా చూసి, అమ్మను ఆపింది. నీ కోడలికి గుండె కోసినారంట గదా, ఇంటిపనికి పనికొస్తాదా మరి, అని అడిగింది. అడగడంలో చెడ్డతనమేమీ లేదు. ఊరందరికీ ఉన్న సందేహమే ఆమె పైకి అంది. అమ్మ మెట్టు మీద నిలబడి, చెంగుతో చెమట తుడుచుకుంది.

"దాంట్లో పారేది సగం నా నెత్తురే. ఎందుకు పనికిరాదు?"

నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం, తెలిసింది చెప్పకుండా ఉండలేని వయసు. ఒక మనిషి ఒంట్లోంచి ఇంకో మనిషి ఒంట్లోకి పోసిన ఎర్రకణాలు నాలుగు నెలలకు మించి బతకవు. అమ్మ ఇచ్చిన సీసాలో చుక్క కూడా ఆ వేళకు వదినలో మిగిలి లేదు. అట్ల కాదు మా, అని నోరు తెరిచాను. వదిన నా కాలు గట్టిగా తొక్కి, బిడ్డను ఇంకో చంకకు మార్చుకొని, పైమెట్టు ఎక్కింది.